వీఎం రెప్లికేషన్ పెట్టాలంటే అసలేం కావాలి: రెండో సర్వర్ వైపు నుంచి చూద్దాం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు ఊళ్ళో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ లేదు. సర్వర్‌కి ఏమీ కాకపోయినా దాని దగ్గరికి చేరే దారే లేకపోతే అది ఉన్నా లేనట్టే కదా. బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా అదే గదిలో అదే టేబుల్ మీద ఉంటే ఇంక చెప్పేదేముంది. అలాంటి రోజు కోసమే ఈ వీఎం రెప్లికేషన్, అంటే ఒక సర్వర్‌లో నడుస్తున్న వర్చువల్ మెషీన్‌కి (వీఎం, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్‌కి) ఇంకో సర్వర్‌లో, వీలైతే ఇంకో ఊళ్ళో, ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే నకలు ఉంచుకోవడం.

దీని గురించి నన్ను అడిగేవాళ్ళందరూ ఒకటే అడుగుతారు, అన్నా మినిమం రిక్వైర్‌మెంట్స్ ఏంటి అని. విండోస్ సర్వర్‌లో వీఎంలని నడిపే హైపర్-వీలో ఈ పని చేసే ఫీచర్ పేరు హైపర్-వీ రెప్లికా, దానికైతే ఆ లిస్టు నిజంగానే చిన్నది. రెండు విండోస్ సర్వర్లు, రెండింట్లో హైపర్-వీ రోల్, మధ్యలో నెట్‌వర్క్, ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు, అంతే. షేర్డ్ స్టోరేజ్ అక్కర్లేదు, క్లస్టర్ (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు) అక్కర్లేదు, రెండు సర్వర్లూ ఒకే కంపెనీవి కూడా అవ్వక్కర్లేదు. విండోస్ సర్వర్ 2012లో మొదటిసారి ఈ ఫీచర్ వచ్చినప్పుడు చిన్న ఆఫీసులకి అంత నచ్చడానికి కారణం కూడా అదే, ఖరీదైన ఎస్‌ఏఎన్ బాక్సులు (సర్వర్లన్నీ పంచుకునే స్టోరేజ్) లేకుండానే డీఆర్, అంటే ఆపద తర్వాత మళ్ళీ లేచే ఏర్పాటు, దొరికింది.

కానీ ఆ చిన్న లిస్టు రెప్లికేషన్ స్టార్ట్ అవ్వడానికి సరిపోయేది మాత్రమే. మొదటి సర్వర్ పోయిన రోజు రెండో సర్వర్ లేచి పని చెయ్యడానికి కావాల్సిన లిస్టు వేరే ఉంది, అది చాలా పెద్దది, ఎవరూ అడగరు. నేనూ ఒకప్పుడు అడగలేదు. ఒక చిన్న ఆఫీసుకి నేనే సెటప్ చేశాను, ఎనిమిది నెలలు హైపర్-వీ మేనేజర్ తెరిచినప్పుడల్లా రెప్లికేషన్ హెల్త్ నార్మల్ అనే చూపించింది. తర్వాత ఒక సోమవారం పొద్దున మొదటి సర్వర్‌లో రెయిడ్ కంట్రోలర్ (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) పోయింది. ఫెయిలోవర్ కొట్టాను, అంటే నకళ్ళని రెండో సర్వర్‌లో లేపమన్నాను, మొదటి వీఎం లేచింది, రెండోది లేచింది, మూడోది మెమరీ చాలట్లేదని ఆగిపోయింది, లేచిన రెండింటికీ నెట్‌వర్క్ లేదు. జీతాల బిల్లులు చెయ్యాల్సిన రోజు, మధ్యాహ్నం మూడు దాకా వాళ్ళంతా ఖాళీగా కూర్చున్నారు. డేటా ఒక్క ముక్క పోలేదు, అయినా ఆ పూటంతా పోయింది, తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచీ నేను రిక్వైర్‌మెంట్స్‌ని రెండో సర్వర్ వైపు నుంచే చూడ్డం మొదలుపెట్టాను, ఇక్కడ కూడా అలాగే చెప్తాను.

ముందు ఇది లోపల ఎలా నడుస్తుందో తెలియాలి, లేకపోతే మిగతా ఏదీ అర్థం కాదు. రెప్లికేషన్ ఆన్ చెయ్యగానే మొదట వీఎం డిస్క్ మొత్తం ఒకసారి అవతలికి కాపీ అవుతుంది. ఆ తర్వాత నుంచి వీఎం డిస్క్ మీద రాసే ప్రతి మార్పునీ హైపర్-వీ ఒక లాగ్ ఫైల్‌లో కూడా రాసుకుంటుంది, దాన్ని హెచ్‌ఆర్‌ఎల్ ఫైల్ అంటారు. మీరు పెట్టుకున్న టైం ప్రకారం, అంటే 30 సెకన్లకో 5 నిమిషాలకో 15 నిమిషాలకో ఒకసారి, ఆ లాగ్‌ని మూసేసి అవతలికి పంపి కొత్త లాగ్ తెరుస్తుంది, అవతలి సర్వర్ దాన్ని తన దగ్గరున్న డిస్క్‌లో కలుపుకుంటుంది. 2012లో అయితే 5 నిమిషాలు ఒక్కటే ఉండేది, మిగతా రెండూ 2012 ఆర్2లో వచ్చాయి. ఈ పద్ధతిలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఇది వెనక వెనకే నడిచే కాపీ, మొదటి సర్వర్ హఠాత్తుగా పోతే చివరి లాగ్ వెళ్ళాక రాసింది పోతుంది. రెండు, అవతలి వీఎం ఆఫ్‌లోనే ఉంటుంది, ఫెయిలోవర్ చేసేదాకా అది ర్యామూ వాడదు సీపీయూ వాడదు. అందరినీ మోసం చేసేది ఈ రెండోదే.

ఎందుకంటే వాడట్లేదు కదా అని రెండో సర్వర్‌ని పాత మెషీన్‌తో సరిపెట్టేస్తారు. మొదటి సర్వర్‌లో 128 జీబీ ర్యామ్ ఉంటే రెండోదానికి 32 చాలు అనుకుంటారు, రెప్లికేషన్ కూడా హాయిగా నడుస్తుంది, ఏ వార్నింగూ రాదు. హైపర్-వీ మీకు ముందుగా చెప్పదు, ఇన్ని వీఎంలు ఇక్కడ లేవలేవు అని, లేపే రోజే చెప్తుంది. కాబట్టి లెక్క మీరే వెయ్యాలి. ఆపద రోజు ఏయే వీఎంలు తప్పనిసరిగా లేవాలో రాసుకోండి, వాటి స్టార్టప్ మెమరీ కూడండి, హోస్ట్‌కి (వీఎంలని నడిపే అసలు సర్వర్‌కి) ఒక నాలుగు జీబీ, ఇంకా మంచిది ఎనిమిది వదలండి, రెండో సర్వర్‌లో ముందే వేరే వీఎంలు నడుస్తుంటే అవి కూడా కలపండి. డైనమిక్ మెమరీ (అవసరాన్ని బట్టి వీఎం ర్యామ్ పెరిగి తగ్గే సెట్టింగ్) పెట్టాం కదా అని మినిమం నంబర్‌తో లెక్కెయ్యకండి, బూట్ అయ్యేటప్పుడు స్టార్టప్ మెమరీ మొత్తం కావాల్సిందే, పైగా పొద్దున్నే జనం అంతా ఒకేసారి లాగిన్ అయితే ఆ మినిమం ఎక్కడా ఆగదు.

ప్రాసెసర్ విషయంలో భయం అక్కర్లేదు. ఎస్‌ఎల్‌ఏటీ (వీఎంల మెమరీని వేగంగా చూసుకునే సదుపాయం) సపోర్ట్ ఉన్న 64 బిట్ ప్రాసెసర్, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్, డీఈపీ (మెమరీ రక్షణ సదుపాయం) ఆన్, ఇవి ఉంటే చాలు, ఈ కాలం సర్వర్లన్నిట్లో ఉంటాయి. లైవ్ మైగ్రేషన్‌కి రెండు వైపులా ఇంటెల్ అయితే ఇంటెల్, ఏఎండీ అయితే ఏఎండీ ఉండాలి, ఎందుకంటే వీఎం నడుస్తూ నడుస్తూనే దూకుతుంది. రెప్లికాలో వీఎం అవతల మొదట్నుంచి బూట్ అవుతుంది, కాబట్టి ఇటు ఇంటెల్ అటు ఏఎండీ ఉన్నా నడుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి అనవసరంగా కొత్త సర్వర్ కొన్నవాళ్ళని చూశాను.

విండోస్ వెర్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రతి వీఎంకి ఒక కాన్ఫిగరేషన్ వెర్షన్ ఉంటుంది, 2016లో తయారైతే 8.0, 2019లో 9.0, 2022లో 10.0. పాత హోస్ట్ కొత్త వెర్షన్ వీఎంని నడపలేదు, ఒకసారి వెర్షన్ పెంచాక వెనక్కి తగ్గించడం కుదరదు. అందుకని రెండు వైపులా ఒకే విండోస్ సర్వర్ వెర్షన్ పెట్టుకోండి, అప్పుడు ఫెయిలోవర్ అయ్యాక తిరిగి రావడానికి కూడా ఇబ్బంది ఉండదు. విండోస్ 10, 11లో కూడా హైపర్-వీ ఉంది కదా, ఒక మంచి డెస్క్‌టాప్‌నే రెండో సర్వర్‌గా పెడదామని అడుగుతుంటారు, వాటిలో రెప్లికా ఫీచర్ లేదు, కుదరదు.

ఇప్పుడు స్టోరేజ్, నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. రెండో వైపు డిస్క్ స్పేస్ అంటే వీఎం డిస్క్ సైజు ఒక్కటే అనుకోకండి. అదనంగా రికవరీ పాయింట్లు పెట్టుకోవచ్చు, గంటకొకటి చొప్పున 24 దాకా, అంటే నిన్న ఈ టైంకి వీఎం ఎలా ఉందో అలా లేపుకోవచ్చు. ఒక్కో పాయింట్ ఒక ఏవీహెచ్‌డీఎక్స్ ఫైల్‌గా, అంటే తేడాలు మాత్రమే రాసే డిస్క్ ఫైల్‌గా, కూర్చుంటుంది. మీ వీఎం గంటకి 2 జీబీ మారుస్తుంటే 24 పాయింట్లకి దాదాపు 48 జీబీ అదనంగా కావాలి, అది ఒక్క వీఎంకే. అలాంటివి ఆరు ఉంటే చూసుకోండి. పాయింట్లు పెట్టుకున్నప్పుడు డిస్క్ మీద పని కూడా పెరుగుతుంది, వచ్చిన లాగ్‌ని డిఫరెన్స్ ఫైల్‌లో రాయాలి, పాతబడ్డ పాయింట్‌ని అసలు డిస్క్‌లో కలపాలి, ఇదంతా ప్రతి వీఎంకీ జరుగుతుంటుంది. మొదటి సర్వర్‌లో ఎస్‌ఎస్‌డీలు, రెండోదాంట్లో నాలుగు పాత సాటా డిస్కులు పెడితే రెప్లికేషనే వెనకబడుతుంది, ఫెయిలోవర్ దాకా వెళ్ళక్కర్లేదు.

వెనకబడితే ఏమవుతుంది? లాగ్ మొదటి సర్వర్‌లోనే పేరుకుంటుంది. అంటే మొదటి సర్వర్‌లో కూడా ఖాళీ స్పేస్ ఉండాలి, ఇది చాలామందికి తట్టదు. లింక్ రెండు రోజులు తెగిపోయిందనుకోండి, ఆ రెండు రోజుల మార్పులన్నీ హెచ్‌ఆర్‌ఎల్ ఫైల్‌లో పెరుగుతూ పోతాయి, ఆ ఫైల్ వీఎం డిస్క్ సైజులో సగానికి చేరితే ఇంక పంపడం మానేసి రీసింక్ కావాలంటుంది. రీసింక్ అంటే రెండు వైపుల డిస్కులనీ మొదట్నుంచి చివరిదాకా పోల్చి చూసి తేడా ఉన్న బ్లాకులు పంపడం, పెద్ద డిస్క్ అయితే గంటల పని, ఆ టైంలో రెండు సర్వర్ల డిస్కులూ బాగా వేడెక్కుతాయి. దాన్ని ఆఫీసు టైంలో కాకుండా రాత్రిపూట మాత్రమే జరిగేలా సెట్ చేసుకునే ఆప్షన్ ఉంది, తప్పకుండా వాడండి.

అందుకని అసలు మార్పులనే తగ్గించే దారి చూడాలి. విండోస్ పేజ్‌ఫైల్‌ని (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే ఫైల్‌ని) వేరే వీహెచ్‌డీఎక్స్‌లో (వీఎం డిస్క్ ఫైల్‌లో) పెట్టి ఆ డిస్క్‌ని రెప్లికేషన్ నుంచి తప్పిస్తే చాలా ట్రాఫిక్ తగ్గుతుంది, కాకపోతే ఫెయిలోవర్ అయ్యాక ఆ డిస్క్ అక్కడ ఉండదు కాబట్టి కొత్తది తగిలించాలని గుర్తుంచుకోవాలి. ఇంకోటి, ఎస్‌క్యూఎల్ డేటాబేస్ బ్యాకప్‌ని అదే వీఎంలోని డీ డ్రైవ్‌లోకి రాత్రి పదింటికి డంప్ చేసే అలవాటు మన దగ్గర చాలా ఆఫీసుల్లో ఉంటుంది. ఆ 40 జీబీ ఫైల్ మొత్తం హైపర్-వీ కంటికి కొత్త డేటానే, అది కూడా లింక్ మీద అవతలికి పోవాల్సిందే. బ్యాకప్‌ని వేరే నాస్ బాక్సుకి (నెట్‌వర్క్‌లో తగిలించిన స్టోరేజ్ పెట్టెకి) మళ్ళిస్తే ఒక్క దెబ్బకి సగం సమస్య పోయిన సందర్భాలున్నాయి. పాస్-త్రూ డిస్కులు, అంటే హోస్ట్ డిస్క్‌ని నేరుగా వీఎంకి ఇచ్చేవి, అసలు రెప్లికేట్ అవ్వవు, ముందు వాటిని వీహెచ్‌డీఎక్స్‌లోకి మార్చుకోవాలి. ఇంకా ఒక మాట, విండోస్ సర్వర్ 2016 వచ్చాక, నడుస్తున్న వీఎంకి కొత్త డిస్క్ తగిలిస్తే రెప్లికేషన్ ఆగదు, కానీ ఆ కొత్త డిస్క్ రెప్లికేషన్‌లో చేరదు కూడా, మీరు వెళ్ళి చేర్చాలి. హెల్త్ నార్మల్ అనే ఉంటుంది, కొత్త డిస్క్‌లో పెట్టిన ఏడాది డేటా మాత్రం అవతల ఉండదు. ఇది నిజంగా భయపడాల్సిన విషయం.

లింక్ ఎంత కావాలి అనేది కూడా లెక్కతోనే తేల్చాలి, అందాజాగా కాదు. మొదటి కాపీ చూద్దాం, 500 జీబీ వీఎం, 50 ఎంబీపీఎస్ లింక్. జీబీని 8తో గుణిస్తే 4000 గిగాబిట్లు, అంటే 40 లక్షల మెగాబిట్లు, 50తో భాగిస్తే 80,000 సెకన్లు, దాదాపు 22 గంటలు. కంప్రెషన్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి కొంచెం తగ్గొచ్చు, కానీ ఆ లింక్ మీద ఆఫీసు మెయిళ్ళూ వీడియో కాల్స్ కూడా పోతుంటాయి కాబట్టి తగ్గిందంతా అక్కడికక్కడికే సరిపోతుంది. లింక్ చిన్నదైతే మొదటి కాపీని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి అవతలి ఊరికి పట్టుకెళ్ళి దించే ఆప్షన్ ఉంది, వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి రాత్రి బస్సులో ఒక డిస్క్ వెళ్ళడం చాలాసార్లు లింక్ కన్నా ఫాస్ట్. బ్యాకప్ నుంచి అవతల ముందే రీస్టోర్ చేసి ఉంచిన వీఎం ఉంటే దాన్నే మొదటి కాపీగా వాడమని కూడా చెప్పొచ్చు.

తర్వాత రోజువారీ మార్పులు. రోజుకి 20 జీబీ మారుతుందనుకోండి, అదంతా ఎనిమిది పని గంటల్లోనే జరిగితే సగటున 5.5 ఎంబీపీఎస్ చిల్లర. వినడానికి చిన్నదే, కానీ సగటు అనేది ఇక్కడ మోసం చేస్తుంది, జీఎస్టీ ఫైలింగ్ రోజు మొత్తం మార్పు రెండు గంటల్లోనే జరగొచ్చు, అప్పుడు అదే 20 జీబీకి 22 ఎంబీపీఎస్ పైగా కావాలి. 30 సెకన్ల ఆప్షన్ పెట్టుకుందామనే ముందు ఈ పీక్ లెక్క చూసుకోండి. చిన్న ఆఫీసు వీఎంలకి 5 నిమిషాలు చాలు అనేది నా అభిప్రాయం, ఫైల్ సర్వర్‌కి 15 కూడా పర్లేదు. మైక్రోసాఫ్ట్ దీనికోసం హైపర్-వీ రెప్లికా కెపాసిటీ ప్లానర్ అనే టూల్ కూడా ఇచ్చింది, కొంతసేపు నడిపితే మీ వీఎంలు ఎంత రాస్తున్నాయో అదే కొలుస్తుంది.

ఇక రెండు సర్వర్లు ఒకదాన్నొకటి నమ్మడం. రెండు పద్ధతులు, కెర్బరోస్ (విండోస్ డొమైన్ వాడే లాగిన్ పద్ధతి) అయితే పోర్ట్ 80, సర్టిఫికెట్ అయితే పోర్ట్ 443. ఫైర్‌వాల్ రూల్స్ రెండూ విండోస్‌లో ముందే తయారుగా ఉంటాయి కానీ ఆఫ్‌లో ఉంటాయి, మనమే ఆన్ చెయ్యాలి, మొదటిసారి కనెక్ట్ అవ్వట్లేదంటే ముందు చూడాల్సింది ఇదే. కెర్బరోస్ సులువు, రెండు సర్వర్లూ ఒకే డొమైన్‌లోనో ఒకదాన్నొకటి ట్రస్ట్ చేసే డొమైన్లలోనో ఉంటే చాలు. కానీ డేటా దారిలో ఎన్‌క్రిప్ట్ అవ్వదు, కాబట్టి ఊళ్ళ మధ్య లింక్ అయితే కింద వీపీఎన్ ఉండాల్సిందే. సర్టిఫికెట్ పద్ధతిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, డొమైన్ లేకపోయినా నడుస్తుంది, కాకపోతే ఆ సర్టిఫికెట్‌లో క్లయింట్ ఆథెంటికేషన్, సర్వర్ ఆథెంటికేషన్ రెండూ ఉండాలి, పేరు సర్వర్ పూర్తి పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి, ప్రైవేట్ కీ ఉండాలి, రూట్‌ని (ఆ సర్టిఫికెట్ ఇచ్చిన అసలు సంస్థని) రెండు వైపులా నమ్మాలి. వీటిలో ఒక్కటి తప్పినా విజార్డ్‌లో ఆ సర్టిఫికెట్ అసలు కనిపించదు, లేదా కనిపించి కనెక్ట్ అవ్వదు. సర్టిఫికెట్ గడువు తీరిన రోజు రెప్లికేషన్ ఆగిపోతుంది, కాబట్టి ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. రెండు వైపుల్లో ఎటు క్లస్టర్ ఉన్నా, ఆ క్లస్టర్‌లో హైపర్-వీ రెప్లికా బ్రోకర్ అనే రోల్ అదనంగా పెట్టాలి, అవతలి వాళ్ళు ఏ ఒక్క నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) పేరు కాకుండా ఆ బ్రోకర్ పేరుతో మాట్లాడాలి.

కెర్బరోస్‌లో ఇంకో ముడి ఉంది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే సర్వర్) మొదటి సర్వర్‌లోనే వీఎంగా ఉందనుకోండి. మొదటి సర్వర్ పోయిన రోజు రెండో సర్వర్‌లోకి డొమైన్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, దానికి డొమైన్ కంట్రోలర్ కావాలి, అది లేవాలంటే మీరు లాగిన్ అయి ఫెయిలోవర్ కొట్టాలి. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. టైం కూడా ఇలాంటిదే, కెర్బరోస్ 5 నిమిషాల కన్నా ఎక్కువ తేడా ఒప్పుకోదు. దీనికి పరిష్కారం డొమైన్ కంట్రోలర్‌ని రెప్లికేట్ చేసి కూర్చోకుండా రెండో సైట్‌లో ఇంకో డొమైన్ కంట్రోలర్‌ని నిజంగానే నడుపుతూ ఉంచడం. డొమైన్ కంట్రోలర్లు నడిపే యాక్టివ్ డైరెక్టరీకి తన సొంత రెప్లికేషన్ ఉంది, అది మనకన్నా బాగా చేస్తుంది.

ఇదే మాట ఇంకొన్ని అప్లికేషన్లకి కూడా వర్తిస్తుంది. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌కి హైపర్-వీ రెప్లికా సపోర్ట్ లేదు, దానికి డీఏజీ అనే సొంత నకళ్ళ ఏర్పాటు ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ నడుస్తుంది గానీ డేటా ఒక డిస్క్‌లో లాగ్ ఇంకో డిస్క్‌లో ఉంటే, డిస్కుల మధ్య రాసే వరస చెడకుండా ఉంచే సెట్టింగ్ ఒకటి ఆన్ చెయ్యాలి, ఎస్‌క్యూఎల్ సొంత నకళ్ళ పద్ధతి అయిన ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూప్‌లో ఉన్న వీఎంలని మాత్రం దీంతో కలపకండి. వీఎంలో వర్చువల్ టీపీఎం (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్‌కి సాఫ్ట్‌వేర్ రూపం) పెట్టి ఉంటే, విండోస్ 11 వీఎంలకి తప్పదు కూడా, దాని తాళం మొదటి హోస్ట్‌లోని సర్టిఫికెట్లలో ఉంటుంది, ఆ సర్టిఫికెట్లని ప్రైవేట్ కీతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి రెండో హోస్ట్‌లో ఇంపోర్ట్ చెయ్యకపోతే డిస్క్ మొత్తం అక్కడే ఉన్నా వీఎం స్టార్ట్ అవ్వదు. మొదటి సర్వర్ కాలిపోయాక ఆ సర్టిఫికెట్ తెచ్చుకునే దారి ఉండదు కాబట్టి ఈ రోజే చెయ్యాల్సిన పని ఇది.

నెట్‌వర్క్ లేదని మొదట చెప్పాను కదా, దానికి కారణం చిన్నది. రెండో సర్వర్‌లో వీఎం నెట్‌వర్క్ అడాప్టర్ ఏ స్విచ్‌కీ తగిలి లేదు. అవతల తయారయ్యే వీఎం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సరైన వర్చువల్ స్విచ్, వీలాన్ (నెట్‌వర్క్‌లోని విడి భాగం) ఉందో లేదో మనమే చూసుకోవాలి. రెండో సైట్‌లో ఐపీ రేంజ్ వేరైతే ఫెయిలోవర్ టీసీపీ/ఐపీ అనే చోట అక్కడి ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ ముందే రాసి పెడితే బూట్ అయ్యేటప్పుడు హైపర్-వీయే దాన్ని వీఎంలో ఎక్కిస్తుంది, దానికి వీఎం లోపల ఇంటిగ్రేషన్ సర్వీసెస్ అనే హైపర్-వీ సహాయక సాఫ్ట్‌వేర్ ఉండాలి, అడాప్టర్ లెగసీది అవ్వకూడదు. తర్వాత పాత ఐపీని పట్టుకుని వేలాడే క్లయింట్ల కోసం డీఎన్‌ఎస్ టీటీఎల్ (ఐపీని క్లయింట్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టైం) ముందే తగ్గించి ఉంచుకోవాలి.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా. స్టాండర్డ్ ఎడిషన్‌లో సర్వర్ కోర్లన్నిటికీ లైసెన్స్ ఉంటే రెండు విండోస్ వీఎంలకి హక్కు. లైసెన్స్‌తో పాటు కొనే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఉంటే డీఆర్ కోసం ఆఫ్‌లో ఉంచిన నకలుకి వేరే హక్కు వస్తుంది, అది లేకపోతే రెండో వైపు కూడా కొనాలి, మీ వెండర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఫ్రీగా దొరికే హైపర్-వీ సర్వర్ ఎడిషన్ 2019తో ఆగిపోయింది. హైపర్-వీ లాంటిదే ఇంకోటైన ప్రాక్స్‌మాక్స్ వైపు వెళ్ళేవాళ్ళకి అక్కడ కూడా రెప్లికేషన్ ఉంది, మామూలుగా 15 నిమిషాలకొకసారి, కానీ రెండు నోడ్లలోనూ ఒకే పేరుతో జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న స్టోరేజ్ ఉండాలి, అదే దాని అసలు రిక్వైర్‌మెంట్.

ఇవన్నీ ఉన్నాయో లేదో తేల్చేది ఒక్కటే, టెస్ట్ ఫెయిలోవర్. అసలు వీఎం నడుస్తూనే ఉంటుంది, రెప్లికేషన్ ఆగదు, అవతల పేరు చివర టెస్ట్ అని తగిలించిన ఇంకో వీఎం లేస్తుంది. దాన్ని వేరే స్విచ్‌కి తగిలించండి, లాగిన్ అవ్వండి, ట్యాలీ తెరవండి, నిన్నటి ఎంట్రీ ఉందో చూడండి. ఒక్కో వీఎం విడిగా లేపితే సరిపోదు, లేవాల్సినవన్నీ ఒకేసారి లేపండి, నా మెమరీ లెక్క తప్పు బయటపడేది అప్పుడే, నేను ఆ పని చెయ్యలేదు. మూడు నెలలకోసారి ఒక శనివారం సాయంత్రం కేటాయిస్తే చాలు. బ్యాకప్ మాత్రం మానకండి, ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే, లేదా రాన్సమ్‌వేర్ ఫైళ్ళన్నీ తాళం వేస్తే, అది కూడా 5 నిమిషాల్లో అవతలికి నమ్మకంగా చేరిపోతుంది, రికవరీ పాయింట్లు వెనక్కి తీసుకెళ్ళగలిగేది ఒక రోజు మాత్రమే.

చివరగా అందరూ మర్చిపోయే రిక్వైర్‌మెంట్, తిరుగు ప్రయాణం. ఫెయిలోవర్ అయ్యాక వీఎం రెండో సర్వర్‌లో నడుస్తుంటుంది, మొదటి సర్వర్ బాగై వచ్చాక రివర్స్ రెప్లికేషన్ కొట్టాలి, అంటే ఇప్పుడు రెండోది పంపుతుంది, మొదటిది తీసుకుంటుంది. దానికి మొదటి సర్వర్ కూడా రెప్లికా సర్వర్‌గా ఎనేబుల్ అయి ఉండాలి, దాని ఫైర్‌వాల్‌లో కూడా ఆ పోర్టు తెరిచి ఉండాలి, సర్టిఫికెట్ పద్ధతైతే దాని దగ్గర కూడా సరైన సర్టిఫికెట్ ఉండాలి, వచ్చే నకలు ఏ డ్రైవ్‌లో పెట్టాలో చెప్పి ఉండాలి, ఆ డ్రైవ్‌లో ఖాళీ ఉండాలి. సెటప్ చేసే మొదటి రోజే రెండు సర్వర్లలో రెండు వైపులా ఇవన్నీ చేసేస్తే పావుగంట అదనంగా పడుతుంది.